విడిదింటి శాస్త్రం, మారేడుమిల్లి శాఖ

ఏ శాస్త్రానికైనా ముందు అనుబంధ చతుష్టయం చెప్పుకోవడం ఆచారం. ఈ శాస్త్రానికి విషయం, నీటి ఒడ్డున ఇల్లు కొని రోజువారీ అద్దెకు తిప్పడం. ప్రయోజనం, ఈఎంఐ ఆ ఇల్లే కట్టుకుంటుందన్న నమ్మకం. సంబంధం బ్యాంకుతో. అధికారి ఎవరన్నది కాస్త ఆగి చెప్పుకుందాం. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు పదార్థ నిర్ణయం. మారేడుమిల్లిలో సరుకు చెరువు కాదు, వాగు: పాములేరు, సోకులేరు. నిలవ నీరే కావాలని పట్టుబడితే రంపచోడవరం దగ్గర సీతపల్లి వాగు మీద కట్టిన భూపతిపాలెం రిజర్వాయరు దాకా వెనక్కి రావాలి. చెరువుకూ వాగుకూ భేదం ఈ శాస్త్రం వరకు ఒక్కటే. చెరువు ఇంటి ఎదురుగా ఉంటుంది. వాగు శ్రావణంలో ఇంట్లోకి వస్తుంది.

ఇక అధికారి. రాజమండ్రి నుంచి కారేసుకొచ్చి, బొంగు చికెన్ తిని, తెల్లారగట్ల గుడిస కొండ మీద మబ్బులు చూసిన ప్రతివాడికీ ఘాట్ దిగేటప్పుడు ఒకటే మాట వస్తుంది: "ఇక్కడో అరెకరం తీసి పడేస్తే బాగుణ్ణు కదండీ!" ఇది పూర్వపక్షం. సిద్ధాంతం 1959 నాటి ఒకటో రెగ్యులేషన్‌లో ఉంది. 1970 సవరణ తర్వాత మారేడుమిల్లి ఉన్న ఏజెన్సీలో భూమి గిరిజనులకో, కేవలం గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికో తప్ప ఎవరికీ బదిలీ కాదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. జనం నోట ఇది 'వన్ ఆఫ్ సెవెంటీ'.

పూర్వపక్షి ఊరుకోడు. "కొననండి, లీజుకు తీసుకుంటాను." బదిలీ అన్న మాటకిచ్చిన నిర్వచనంలో లీజు ఉంది. తాకట్టు? ఉంది. దానం, మారకం? అవీ ఉన్నాయి. వీలునామా ఒక్కటే బయట ఉంది. అంటే ఎవరో కొండరెడ్డి పెద్దాయన కడుపున పుట్టిన వాళ్లని కాదని మన పేరు రాయాలి. ఆ ఇంట్లో మనమే పుడితే రాస్తాడు. పుడితే రెగ్యులేషన్‌తో పనే లేదు. తార్కికులు దీన్ని ఉభయతఃపాశం అంటారు.

"పోనీ, సర్కారే ఇస్తే?" ఈ ఆఖరి వాదాన్ని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. నిషేధం వర్తించే 'వ్యక్తి'లో ప్రభుత్వమూ ఉందని తేల్చింది. అది బొర్రా వైపు గనుల లీజుల తగాదా. గనులకే దక్కనిది గీజరున్న గదికి దక్కదనడం కైముతిక న్యాయం. ఇంత పట్టుదల ఊరికే రాలేదు. 1917లో మద్రాసు ప్రభుత్వం తొలి చట్టం తెచ్చేనాటికే, అప్పు పుస్తకంతో కొండెక్కినవాళ్లు భూమి కాగితంతో దిగుతున్నారు. వలమూరు దగ్గర వాలి సుగ్రీవులు కొట్టుకున్నారని స్థానికులు చెబుతారు. అదీ ఆస్తి తగాదాయే.

కనుక క్రయకాండ ఇక్కడితో సమాప్తం. నిర్వహణ కాండ అర్హులైన వాళ్ల కోసం, అంటే కొండ మీద పుట్టి, సొంత జాగాలో రెండు గదులు వేసుకున్నవాళ్ల కోసం.

ఇందులో ప్రధాన పదార్థం తెల్ల దుప్పటి. రంగు దుప్పటి వేస్తే శుభ్రం లేదంటారు. తెల్లది వేస్తే వాగులో దిగిన కాళ్లతోనే ఎక్కుతారు. ఎర్ర బురద సబ్బుకు పోదు, వానాకాలంలో ఉతికింది ఆరదు. ఆరిందనుకుని మడతపెడితే మూడో మడత దగ్గర నల్ల చుక్కల బూజు. అద్దం వెనకా అదే, పరుపు కిందా అదే. గోడకు ఏ పెయింటు కొట్టినా కొండవాన లోపలి నుంచి పాచి గీస్తుంది.

రెండో పదార్థం అతిథి. వీరి ప్రశ్నలు అనాది. "గీజర్ పనిచేయట్లేదేంటి అన్నా?"

"కరెంటు పోయిందండి బాబూ."

"మరి వైఫై?"

"అదీ కరెంటుదేనండి."

"సరే, ఈ పురుగుల చప్పుడేంటి రాత్రంతా?"

దీనికి శాస్త్రంలో సమాధానం లేదు. ఆ చప్పుడు కోసమే హైదరాబాదు నుంచి వచ్చామని బుక్ చేసేటప్పుడు రాసింది వాళ్లే.

నక్షత్రాల విషయంలో భాష్యకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. వర్షం ఎక్కువైందని ఒక నక్షత్రం కోసినవాడున్నాడు. వాగులో నీళ్లు తక్కువని కోసినవాడూ ఉన్నాడు. ఇద్దరూ దిగింది ఒకే గదిలో, వారం తేడాతో. ఇంటాయన ఇద్దరికీ "మళ్లీ రండి" అని జవాబు రాయించి, తువ్వాళ్లు లెక్కపెట్టుకోవడానికి లోపలికెళ్లాడు.