ముద్దాయి ఆకాశం

సైబరాబాద్‌లో వాతావరణం ఏటా మూడు నేరాలకు పాల్పడుతుందన్న అభిప్రాయం స్థిరపడిపోయింది: మార్చి నుంచి మే దాకా హద్దు మీరి కాస్తుంది, ఎండిన పొదలకు నిప్పు అంటుకునే పరిస్థితి తెస్తుంది, ఆపైన ఒక సాయంత్రం ఉరుములు మెరుపులతో విరుచుకుపడి మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా రోడ్లను కాలువలు చేస్తుంది. ఈ మూడింటినీ కనీవినీ ఎరుగని పరిణామాలుగా ప్రకటించడం, ప్రతి ఏడూ అవే నెలల్లో అదే ఆశ్చర్యాన్ని ప్రదర్శించడం, చివరికి తప్పంతా పైవాడిదేనని తేల్చి ఏసీని రెండు డిగ్రీలు తగ్గించడం ఐటీ కారిడార్ నిష్ఠగా పాటించే ఋతుధర్మం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తరతరాలుగా చెప్పుకున్న జాతి, రోహిణి కార్తెలో ఎండ కాసిందని విని నిర్ఘాంతపోయే స్థాయికి ఎదగడానికి, ప్రధాని వాజ్‌పేయి 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి లెక్కిస్తే, మూడు దశాబ్దాలైనా పట్టలేదు.

అభియోగంలోని పదజాలాన్ని ముందు చూడాలి. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, ఆ కాలానికి ఉండవలసిన దానికంటే 4.5 డిగ్రీలు గానీ అంతకు మించి గానీ ఎక్కువైతే దాన్ని భారత వాతావరణ విభాగం వడగాడ్పుగా పరిగణిస్తుంది. 45 డిగ్రీలు తాకితే ఆ పోలిక కూడా అక్కరలేదు. హెచ్చరికల్లో పసుపు రంగుకు గమనిస్తూ ఉండమని, నారింజకు సిద్ధంగా ఉండమని, ఎరుపుకు చర్య తీసుకోమని అర్థం. కారిడార్ ఈ రంగులకు సొంత భాష్యం రాసుకుంది: పసుపు వస్తే స్క్రీన్‌షాట్ తీయాలి, నారింజ వస్తే దాన్ని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి, ఎరుపు వస్తే ఇంటి నుంచే పని చేస్తానని మేనేజరుకు మెయిల్ కొట్టాలి. భూగోళం వేడెక్కుతున్న మాట నిజమే, దాన్ని కాదనడం మూర్ఖత్వం. అయితే హైదరాబాద్‌లో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైన సంగతీ అంతే నిజం; ఆనాడు గచ్చిబౌలిలో నిందించడానికి అద్దాల మేడ ఒక్కటీ లేదు, ఆ ఎండను రెట్టింపు చేసి పక్కవాడి మీదికి విసిరే ఏర్పాటూ లేదు.

ఉష్ణోగ్రతను కొలిచే పద్ధతిలోనే ఈ కేసుకు ముఖ్యమైన సాక్ష్యం దాగి ఉంది. ఉష్ణమాపకాన్ని ఎవరూ నేరుగా ఎండలో పెట్టరు. స్టీవెన్సన్ స్క్రీన్ అనే తెల్లరంగు చెక్కపెట్టెలో, నేలకు కొంత ఎత్తున, నాలుగు వైపులా గాలి ఆడేలా ఏటవాలు పలకలు బిగించి, నీడపట్టున ఉంచుతారు. దక్కను ఎండలో ఒక వస్తువును కాపాడాలంటే తెలుపు, నీడ, గాలి కావాలని పందొమ్మిదో శతాబ్దం నుంచీ తెలిసిన విషయమే అయినా, థర్మామీటరుకు దక్కిన ఈ వాస్తు మర్యాద సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు మాత్రం దక్కలేదు. ఆయనను తెరుచుకోని కిటికీల వెనుక, ఎండను లోపలికి రానిచ్చి లోపలి వేడిని బయటికి పోనివ్వని అద్దాల గోడల మధ్య కూర్చోబెట్టి, ఆ తప్పును దిద్దడానికి చిల్లర్లు, అంటే భవనమంతటినీ చల్లబరిచే భారీ యంత్రాలు, అమర్చారు. ఆ యంత్రాలు లోపలి వేడికి తమ మోటార్ల వేడినీ జోడించి వీధిలోకి వదులుతాయి, ఆ వీధి వేడికి పక్క టవరులోని యంత్రాలు ఇంకాస్త ఎక్కువ శ్రమిస్తాయి, కాంక్రీటూ తారూ పగలంతా మింగిన వేడిని రాత్రంతా కక్కుతాయి. నగరం తన చుట్టూ ఉన్న పల్లెలకంటే వేడిగా ఉండే ఈ స్థితినే నగర ఉష్ణద్వీపం అంటారు. వెలుతురు కోసం అద్దం పెట్టించి, ఎండకు తాళలేక అద్దానికి తెర దించి, తెర దించాక చీకటైందని లైట్లు వేసుకొని, ఈ మొత్తం క్రతువుకు దక్కిన హరిత భవన ధ్రువపత్రాన్ని లాబీలో వేలాడదీయడం కంటే పెద్ద హాస్యాన్ని ఏ ప్రహసనకారుడూ ఊహించలేడు.

విచిత్రమేమంటే దీనికి విరుగుడు ఈ కారిడార్‌లోనే ఉంది. రాష్ట్రపతి అబ్దుల్ కలాం 2004 జులైలో ప్రారంభించిన సీఐఐ-సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్, లీడ్ అనే హరిత ప్రమాణంలో అత్యున్నతమైన ప్లాటినం హోదాను అమెరికా వెలుపల తొలిసారిగా పొందిన భవనం. అందులో నడుమ ముంగిలి ఉంది, జాలీ గోడలున్నాయి, గాలిని చల్లబరిచి లోపలికి దింపే గోపురాలున్నాయి, పైకప్పు మీద పచ్చిక ఉంది. చుట్టుపక్కల టవర్లు దాని నుంచి సర్టిఫికెట్‌ను నేర్చుకున్నాయి గానీ ముంగిలిని నేర్చుకోలేదు. ఇంధన పరిరక్షణ భవన నియమావళి 2017 కూర్పు గోడలో కిటికీల వాటా 40 శాతం మించరాదని ఒక దారిలో చెబుతూనే, మొత్తం భవనపు విద్యుత్ వినియోగం తక్కువేనని కంప్యూటర్ నమూనాలో నిరూపించగలిగిన వారికి మరో దారి తెరిచి ఉంచింది. నమూనాల్లో నిరూపించే విద్యలో ఈ కారిడార్‌కు సాటి రాగలవారెవరు? రాష్ట్ర ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం కప్పు మీద ఎండను తిప్పికొట్టే పూత వేయమంటుంది, అది మంచి సలహానే, కాకపోతే ముప్పై అంతస్తుల గాజు కడ్డీకి కప్పు ఎంత, గోడ ఎంత అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

ఇక కార్చిచ్చు. తెలంగాణ అడవుల్లో ఎక్కువ భాగం ఎండాకాలంలో ఆకు రాల్చేవి కాబట్టి ఫిబ్రవరి నుంచి నేలంతా ఎండుటాకుల పరుపు అవుతుంది. తునికాకు చిగుళ్ల కోసమో, ఇప్పపువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రం చేయడం కోసమో పెట్టిన నిప్పు, లేదా పారేసిన బీడీ ముక్క, నల్లమలలో గుట్టలను తగలబెట్టగలదు. ఉపగ్రహాలు ఆ మంటలను పసిగడితే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అటవీ సిబ్బందికి సందేశాలు పంపుతుంది, వారు మంట పాకకుండా ముందే గీసిన ఖాళీ పట్టీల వెంట కొమ్మలు పట్టుకొని పరుగెత్తుతారు. సైబరాబాద్ ఇంత శ్రమ పడదు: అడవే లేకపోతే కార్చిచ్చు ఎక్కడిది? ఈ సిద్ధాంతానికి ప్రయోగశాలగా హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను ఎంచుకున్నారు. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాదినాడు, పంచాంగ శ్రవణంలో ఆ ఏటి మేఘాధిపతి ఎవరో ఊరంతా వింటున్న వేళ, బుల్‌డోజర్లు అక్కడ చెట్ల మీదికి నడిచాయి. అది అటవీ భూమి కాదు, రికార్డుల్లో అలా లేదు అన్నది ప్రభుత్వ వాదన. నిఘంటువు ప్రకారం అడవి అనదగినదంతా అడవేనని, యాజమాన్యం ఎవరిదైనా సరేనని, సుప్రీంకోర్టు 1996లోనే గోదావర్మన్ కేసులో చెప్పిన సంగతి బుల్‌డోజరు ఇంజను మోతలో వినపడినట్టు లేదు. పారిపోతున్న జంతువుల బొమ్మలు కృత్రిమ మేధ కల్పన అని మరో ఆరోపణ వచ్చింది. కొన్ని బొమ్మలు నిజంగానే కల్పితాలు. అయితే ఏప్రిల్ 3న పనులను నిలిపివేసిన సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన నివేదికలో సుమారు 100 ఎకరాలు ధ్వంసమైనట్టూ, నెమళ్లూ జింకలూ కనిపించినట్టూ ఉంది. కృత్రిమ మేధకు కొత్త టవర్లు కట్టడానికి చదును చేస్తున్న చోట, నెమలినే కృత్రిమమని అనుమానించడం ఒకరకంగా తార్కికమే.

ఇలా నేల కాగాక గాలి పైకి లేస్తుంది, బంగాళాఖాతపు తేమ దానికి తోడై క్యుములోనింబస్ అనే నిలువెత్తు మేఘం కడుతుంది, సాయంత్రానికి ఈదురుగాలి, పిడుగు, వడగళ్లు వస్తాయి. రాడార్ చూసి రాబోయే మూడు గంటలకు మాత్రమే ఇచ్చే తక్షణ సూచనను నౌకాస్ట్ అంటారు. గంటలో 100 మిల్లీమీటర్లు, అదీ ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల పరిధిలో, కురిస్తేనే క్లౌడ్ బరస్ట్ అన్న శాస్త్రీయ నిర్వచనం ఉన్నా, బైక్ సైలెన్సర్ మునిగిన ప్రతి వానకూ కారిడార్ ఆ పేరే పెడుతుంది. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు 2022 జులైలో గోదావరి వరదల వెనుక విదేశాల క్లౌడ్ బరస్ట్ కుట్ర ఉందేమోనని సందేహించారు. ఆకాశాన్ని నిందించే సంప్రదాయంలో ఇది అంతర్జాతీయ అధ్యాయం. మాదాపూర్‌లో మాత్రం కుట్రదారుల కోసం సరిహద్దులు దాటనక్కరలేదు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు నీరిచ్చిన దుర్గం చెరువూ, దాని ఇరుగుపొరుగు కుంటలూ, వాటిని కలిపే నాలాలూ వాన వెళ్లే దారులు. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు నిలిచే మేరను ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ మేరలో కట్టడాలు లేచాయని 2024 ఆగస్టులో తమ్మిడికుంట వద్ద హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ కూల్చివేతకు దిగేదాకా, నీరే దారి తప్పిందని అందరూ నమ్మారు.

నీటి దారిని సరిచేయడం కష్టమని గ్రహించిన పాలన మనుషుల దారిని సరిచేసింది. 2023 జులై చివరివారంలో భారీ వర్షాలకు సైబరాబాద్ పోలీసులు కంపెనీలను మూడు విడతలుగా పంచి, మధ్యాహ్నం 3 గంటల నుంచి వంతులవారీగా లాగౌట్ కావాలని సూచించారు. నాలాలో పారవలసిన నీరు ఎలాగూ పారదు కాబట్టి ఉద్యోగులనైనా విడతలుగా పారించడం అందులోని విజ్ఞత. ఎండకూ ఇలాంటి పరిష్కారమే ఉంది: వడదెబ్బ మరణాలను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, 2025 ఏప్రిల్‌లో ఎక్స్‌గ్రేషియాను 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచారు. అద్దాల గోడ తిప్పికొట్టిన ఎండలో గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డుకు మరణానంతరం లభించగల ఈ గౌరవం, బతికుండగా ఒక నీడ పందిరి రూపంలో లభించడానికి ఇంకా ఏ రంగు హెచ్చరికా రాలేదు. మూడు విడతల లాగౌట్ పట్టికలో డెలివరీ బండి నడిపే కుర్రాడికి విడత కేటాయించలేదు. మేఘం కమ్మగానే కారిడారంతా తెరుచుకోని కిటికీల పక్కన చేరి మిరపకాయ బజ్జీలు ఆర్డర్ పెడుతుంది గనక, ఆ వేళకు అతను లాగిన్ కావడమే ఆనవాయితీ.