ఆగిపోయిన బండికి టీకా తాత్పర్యం

అవతారిక

మా ఆవిడ కడగొట్టు తమ్ముడు టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగులో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. నలభై దాటాక కొందరు ప్రాణాయామం మొదలుపెడతారు, కొందరు స్థలాలు కొంటారు. ఇతగాడికి పాత పికప్ ట్రక్కు మీద మనసు పోయింది. అన్నీ పూర్తయి తళతళలాడే బండి ధర అందేది కాదు. అందుకని ఎవరో మొదలుపెట్టి నడిమధ్యలో వదిలేసిన బండి కొని తాను పూర్తి చేస్తానన్నాడు. అలాంటిదాన్ని అక్కడ ప్రాజెక్ట్ ట్రక్ అంటారు. మన ఊళ్లలో లింటెల్ దాకా లేచి ఆగిన ఇళ్లుంటాయి చూడండి, పిల్లర్ల మీద ఊచలు ఆకాశంలోకి పొడుచుకుని, అదే జాతి.

నేనప్పుడు మా అమ్మాయి దగ్గరికి వెళ్లి అక్కడే ఉన్నాను. ఒక ప్రకటన పట్టుకొచ్చి, "బావగారూ, మీరు భాషాప్రవీణ కదా, దీని భావమేమిటో చెప్పండి" అన్నాడు. మెకానిక్ శాస్త్రం వాడికి వచ్చు, చదవడం రాదు. నాకు చదవడం వచ్చు, తక్కినది రాదు. ఇద్దరం కలిస్తే ఒక వ్యాఖ్యాత అవుతాడని లెక్కవేసి బయల్దేరాం.

ప్రకటన ఇది: "1972 షెవ్రొలే సి10. షార్ట్ బెడ్. తొంభై శాతం పూర్తి. తుప్పు కొంచెం. ఇంజన్ రీబిల్డ్ అయింది. పార్టులన్నీ ఉన్నాయి. షెడ్డులోనే ఉంది. టైము లేక అమ్ముతున్నాను. 9,500 డాలర్లు. బేరాల్లేవు. నా దగ్గరున్నది ఏమిటో నాకు తెలుసు."

ఇంత గంభీరమైన గద్యానికి నేరుగా టీక రాయడానికి చెయ్యాడలేదు. ఫోర్ట్‌వర్త్‌కు పడమటనున్న ఆ పల్లెకు వెళ్లి, బండి చూసి, తిరిగివచ్చే దారిలో ఒక ఆటవెలది కట్టాను. మూలం అదే. మన మెదకు సీమవాడు మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ఒట్టేసుకుని కాళిదాసును వ్యాఖ్యానించాడు. ఆ ఒట్టు నావల్ల కాదు. ఈ బండిలో లేనివే ఎక్కువ.

మూలం

తుప్పు కప్పు రంగు దుప్పటిఁ దొలగించి
అడుగు భాగమెల్ల నరసి చూచి
ఆగినట్టి చోట నతఁడేల యాగెనో
తెలిసి కొన్నవాఁడె తెలివిపరుఁడు

ప్రతిపదార్థం

*తుప్పు* = ఇనుముకు పట్టే చెద. 1967 నుంచి 1972 దాకా వచ్చిన ఈ తరం షెవ్రొలే పికప్పుల్లో అది కాపురముండే చోట్లు కొన్ని ఉన్నాయి. క్యాబ్ వెనక మూలలు, తలుపుల కింద గడపలాగా ఉండే రాకర్ ప్యానెళ్లు, కాళ్లు పెట్టుకునే ఫ్లోరు, ముందు అద్దం కింది అంచు, అద్దాల పైన చూరులాగా సాగే డ్రిప్ రైలు. పైన పడ్డ నీళ్లు దిగి దిగి ఎక్కడ నిలుస్తాయో అక్కడన్నమాట. ఈ తుప్పు లోపలినుంచి బయటికి వస్తుంది. బయట బియ్యపు గింజంత బుడగ లేచిందంటే లోపల అట్టంత చిల్లు సిద్ధంగా ఉంటుంది. ప్రకటనలో "కొంచెం" అన్నది కొలత కాదు. పిల్లవాడికి సూది వేసేముందు డాక్టరు అనే "కొంచెం" లాంటిది.

*కప్పు* = కప్పిపుచ్చునట్టి. ఇది పైకప్పనే నామవాచకమని మా బావమరిది వాదన. నేను ఖండించాను. డ్రిప్ రైలు మీద వేలు పెడితే పొడి రాలింది. ఖండన వెనక్కి తీసుకున్నాను.

*రంగు దుప్పటి* = రంగు అనెడి దుప్పటి, రూపకం. దుప్పటి కింద పరుపు ఉండాలి కదా, అదే బాండో. మన పెయింటర్లు గోడకు పట్టించే లప్పం లాంటిదే, కాకపోతే ఇనుముకు. రేకు కుళ్లిన చోట కొత్త రేకు వెల్డింగు చెయ్యడానికి బద్ధకించినవాడు లప్పం మెత్తి, గరుకు కాగితంతో నున్నచేసి, పైన రంగు కొడతాడు. దానికి విరుగుడు ఒక చిన్న అయస్కాంతం. మెత్తటి గుడ్డలో చుట్టి రేకు మీద జరుపుకుంటూ పోవాలి. ఇనుమున్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. ఎడమవైపు వెనక మూలలో మా అయస్కాంతం ఐదుసార్లు కింద పడింది. ఆరోసారి బావమరిది దాన్ని జేబులో వేసుకున్నాడు. అసలు రంగు వెలిసిపోయి, ఎండకు కాలి, అక్కడక్కడ ఎర్రబారిన బండైతే నయం. దాన్ని పాటినా అని గౌరవిస్తారు, ఎక్కువ ధర కూడా ఇస్తారు. ఆ వెలసినతనాన్ని కూడా కొత్తగా రంగు కొట్టి తెప్పించేవాళ్లు ఉన్నారట. దానికి ఏ అలంకారం పేరు పెట్టాలో తేల్చుకోలేకపోయాను.

*తొలగించి* = మనసుతో తొలగించి అని అర్థం. పరాయివాడి బండిని స్క్రూడ్రైవరుతో గీకకూడదు. తట్టి చూడవచ్చు.

*అడుగు* = ఇది కవి గొప్పతనం (కవిని నేనే). అడుగు అంటే కిందిభాగం, పాదం మోపే చోటు, ప్రశ్నించు అని మూడర్థాలు. మూడూ ఇక్కడ అవసరమే. మ్యాటు ఎత్తి పాదం మోపే చోటు చూడాలి. పాత గోనె పరుచుకుని వెల్లకిలా పడుకుని కిందిభాగం చూడాలి. లేచి, దుమ్ము దులుపుకుని, అమ్మేవాణ్ణి అడగాలి. చాలామంది మూడోదానితో మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు.

*భాగమెల్ల* = అన్ని భాగాలూ. ఇక్కడ ఛందశ్శాస్త్రం కొంత చెప్పుకోక తప్పదు. ఈ బండ్లలో షార్ట్ బెడ్, లాంగ్ బెడ్ అని రెండు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య షార్ట్ బెడ్డుకు 115 అంగుళాలు, లాంగ్ బెడ్డుకు 127. లఘువు, గురువు. ఈనాటి మార్కెట్లో లఘువుకే గిరాకీ. అందుచేత గురువును కొని, ఛాసిస్ మధ్యలో పన్నెండు అంగుళాలు కోసి, అతికించి లఘువుగా అమ్మే సంప్రదాయం పుట్టింది. దీర్ఘానికి హ్రస్వాదేశం. చక్కగా చేసిన అతుకైతే తప్పులేదు, చెప్పి అమ్మాలి. అందుకే అతుకు కోసం ఛాసిస్ పొడుగునా చెయ్యి రాసుకుంటూ పోవాలి. గ్లవ్ బాక్సు తలుపు లోపల ఫ్యాక్టరీవాళ్లు అంటించిన కాగితం మిగిలి ఉంటే ఇంకా మంచిది, ఆ బండి పుట్టినప్పటి వీల్ బేసు అందులో అచ్చేసి ఉంటుంది. మేం చూసిన బండిలో గ్లవ్ బాక్సుకు తలుపే లేదు. పార్టులన్నీ ఉన్నాయని గదా అన్నాడు, ఏదో ఒక డబ్బాలో ఉండే ఉంటుంది.

చక్రాల బోల్టులు కూడా లెక్కపెట్టాలి. ఈ తరం సి10కు 1970 దాకా షడక్షరి, 1971 నుంచి పంచాక్షరి. ఆ ఏడే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు మామూలుగా రావడం మొదలైంది. 1972 సి10 అని చెప్పి ముందు చక్రానికి ఆరు బోల్టులు చూపిస్తే, ముందుభాగం మరో బండినుంచి దిగుమతి అయిందని అనుమానించాలి. మా బండికి ముందు ఆరు, వెనక ఐదు. అంటే ఆటవెలదిలో ఒక పాదం సీసానిది.

*అరసి చూచి* = పునరుక్తి దోషం కాదు. అరయడం కంటితో, చూడడం చేత్తో. రీబిల్డ్ అయిందన్న ఇంజన్‌ను కంటితో చూస్తే షెవ్రొలే వాళ్ల నారింజ రంగు కొత్తగా మెరుస్తూ కనిపిస్తుంది. ఆ రంగు డబ్బా ఏ ఆటో పార్టుల కొట్లోనైనా దొరుకుతుంది. మెషిన్ షాపు బిల్లు మాత్రం కొట్లో దొరకదు. సిలిండర్లు ఎంత బోరు చేశారు, ఏ సైజు పిస్టన్లు వేశారు, క్రాంకు గ్రైండు చేశారా, ఇవన్నీ బిల్లులో ఉంటాయి. బిల్లు లేని రీబిల్డుకు అర్థం రంగు వెయ్యడమని నా నిఘంటువులో చేర్చుకున్నాను. స్పార్కు ప్లగ్గులు విప్పి, పొడుగు రెంచితో క్రాంకు తిప్పితే సాఫీగా తిరగాలి. తరవాత ప్రతి సిలిండరుకూ కంప్రెషన్ కొలవాలి, వాటిలో వాటికి పెద్ద తేడా ఉండకూడదు. క్రాంకు తిరిగింది. ఇంతవరకు అమ్మేవాడు సత్యవాది.

*ఆగినట్టి చోట* = పని నిలిచిపోయిన చోట. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. మన ఆలంకారికులు మాటకు మూడర్థాలన్నారు, వాచ్యం, లక్ష్యం, వ్యంగ్యం. పూర్తయిన బండి అమ్మేవాడు వాచ్యంలో మాట్లాడతాడు. ఆగిన బండి అమ్మేవాడిది అంతా వ్యంగ్యమే. "షెడ్డులోనే ఉంది" అన్నాడా, వెళ్లి చూస్తే షెడ్డు పక్కన చింకి టార్పాలిన్ కింద ఉంది. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున గొల్లపల్లె అని చెప్పుకోమన్నారు గదా, లక్షణావృత్తికి ఇంతకు మించిన ఉదాహరణ నా సర్వీసులో దొరకలేదు. "పార్టులన్నీ ఉన్నాయి" అంటే లోకంలో ఉన్నాయని. ఇది నిజం కూడా, ఈ బండ్లకు రేకులు, రబ్బర్లు, లైట్లు దాదాపు అన్నీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. కానీ విప్పినవాడు ఏ బోల్టు ఎక్కడిదో సంచి మీద రాసుకోకపోతే, కొన్నవాడు నాలుగు బకెట్ల బోల్టులకు అన్వయం కుదుర్చుకుంటూ కూర్చోవాలి. దండాన్వయం కాదు, ఖండాన్వయం కూడా కాదు, బకెట్టన్వయం.

ఇక "తొంభై శాతం". పూర్తయిన తొంభైలో ఏమున్నాయని అడిగితే విప్పడం, కడగడం, ఇంజనుకు రంగు పూయడం, కొత్త సామాన్లు కొనడం అని తేలింది. మిగిలిన పదిలో వైరింగ్, అద్దాలు బిగించడం, బ్రేకు పైపులు, క్యాబ్ లోపల సీటు వెనకుండే పెట్రోలు ట్యాంకు (1972 దాకా అక్కడే ఉండేది), బాడీ రంగు. పెళ్లి పనులు తొంభై శాతం అయిపోయాయి, పెళ్లికొడుకే దొరకాలి అన్నట్టుంది. డాష్ బోర్డు కింద వైర్లు గుత్తులుగా వేలాడుతున్నాయి, మాస్కింగ్ టేపు చీటీల మీద సిరా వెలిసిపోయింది.

*అతఁడు* = ఏకవచనం, కానీ గౌరవార్థం కాదు, బహువచనార్థం. ఆగిన బండికి ఆపినవాడు ఒక్కడే ఉండడం అరుదు. గురుపరంపర ఉంటుంది. అందుకే టైటిల్ కాగితం మీద ఎవరి పేరుందో చూడాలి, అమ్మేవాడి పేరా, వాడికి అమ్మినవాడికి అమ్మినవాడి పేరా అని. డ్రైవరు తలుపు స్తంభం మీది పలకలో ఉన్న నెంబరుతో టైటిలు నెంబరు కలవాలి. 1972 సి10 నెంబరు రెండు 'సి'లతో మొదలవుతుంది, మొదటిది షెవ్రొలే, రెండోది వెనక చక్రాలతో నడిచే బండి. ఆ పైన 'ఇ' ఉంటే ఎనిమిది సిలిండర్లతో పుట్టింది, 'ఎస్' ఉంటే ఆరింటితో. తరవాత 1 అర టన్ను, 4 పికప్, 2 అంటే 1972. ఆరక్షరాలకు ఇంత అర్థం ఉన్న వాక్యం ప్రకటన మొత్తంలో లేదు. టైటిల్ అసలే లేకపోతే టెక్సస్‌లో బాండెడ్ టైటిల్ అని ఒక మార్గం ఉంది, బండి విలువకు ఒకటిన్నర రెట్లకు బాండు రాయించాలి, అది మూడేళ్లు నడవాలి. మా అమ్మేవాడి దగ్గర టైటిల్ ఉంది, వాడి పేరుతోనే. ఇది న్యాయంగా చెప్పాలి.

*ఏల యాగెనో* = ఎందుకు ఆగిపోయెనో. "టైము లేక" అనేది ప్రకటనలో కారణం. టైము లేనివాడు ఆరేళ్లపాటు టైరు బ్రష్షుతో కడిగి, నారింజ రంగు పూసి, నట్లు పాలిష్ చెయ్యడు. చెయ్యగలిగినవన్నీ అయిపోయి చెయ్యలేనిది ఒకటి ఎదురొచ్చినప్పుడే మనిషి ఆగుతాడు. అదేదో కనిపెట్టాలి, ఎందుకంటే బండితోపాటు దాన్ని కూడా కొంటున్నాం.

*తెలిసి కొన్నవాఁడె* = శ్లేష. తెలిసికొన్నవాడే అని ఒక విరుపు, తెలిసి, కొన్నవాడే అని మరొక విరుపు. మొదటివాడికి డబ్బు మిగులుతుంది, రెండోవాడికి బండి వస్తుంది. *తెలివిపరుఁడు* ఈ ఇద్దరిలో ఎవరన్నది కవి చెప్పలేదు.

పాఠాంతరం

నాలుగో పాదానికి "తెలియకున్న వాఁడె కొనెడివాఁడు" అని మా బావమరిది ఒక పాఠం సూచించాడు. గణాలు సరిపోయాయి గాని యతి చెడింది, కాబట్టి ప్రక్షిప్తమని తోసిపుచ్చాను. లోకంలో జరిగేది మాత్రం అదే.

తాత్పర్యం

రంగు కింద లప్పాన్నీ, లప్పం కింద తుప్పునూ పట్టుకుని, వెల్లకిలా పడుకుని అడుగంతా చూసి, ముందువాడు పని ఆపిన చోటును గుర్తించి, ఆపిన కారణం రాబట్టి, ఆ తరవాతే డబ్బు తియ్యవలెనని.

విశేషం

బండికి తలుపులు లేవు. ఉన్నాయి, పాత బొంత కప్పి షెడ్డు గోడకు ఆనించి ఉన్నాయి. ప్రకటనలోని ఫొటోల్లో కూడా అలాగే ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. "బోల్టులు బిగిస్తే సరి" అన్నాడాయన. మా బావమరిది మాట్లాడకుండా కిందికి వంగి రాకర్ ప్యానెళ్లు చూశాడు. రెండువైపులా కొత్తవి, వెల్డింగు ఇంకా మెరుస్తోంది. టేపు తీసి తలుపు ఖాళీని మూల నుంచి మూలకు ఐమూలగా కొలిచాడు. ఎడమవైపు కొలత, కుడివైపు కొలత ముప్పాతిక అంగుళం తేడా.

అదేమిటో తిరుగుదారిలో నాకు బోధించాడు. ఈ క్యాబుకు రాకర్లు ఇంటికి పునాది దూలాల్లాంటివి. అవి కోసేముందు తలుపు ఖాళీలో ఇనుప కడ్డీలు అడ్డంగా వెల్డు చేసి క్యాబును కదలకుండా బిగించాలి. అది చెయ్యకుండా రెండువైపులా ఒకేసారి కోస్తే క్యాబు తన బరువుకు తానే ఒరిగిపోతుంది. ఒరిగినదాన్ని ఒరిగినట్టే కొత్త రాకర్లతో వెల్డు చేస్తే ఆ వంకర శాశ్వతం. ఇంజన్ ఎంత బాగున్నా తలుపు పడదు. మళ్లీ కోసి, నిలబెట్టి, మొదటినుంచి చెయ్యాలి, లేదా కొత్త క్యాబు కొనాలి.

"తలుపు ఒకసారి పెట్టి చూద్దామా?" అని మావాడు అక్కడే ఆయన్ను అడిగాడు. అడుగు, మూడో అర్థం. ఆయన ఆకాశం చూసి, ఇవాళ ఎండ మండిపోతోందన్నాడు.

ఇంజనుకు, గేర్ బాక్సుకు, టైటిలుకు కలిపి 4,000 డాలర్లిస్తామన్నాం. తన దగ్గరున్నది ఏమిటో తనకు తెలుసని ప్రకటనలోని చివరి వాక్యాన్నే వినిపించాడు. మొదటిసారి చదివినప్పుడు ఆ వాక్యం గర్వోక్తి అనుకున్నాను. కాదు, ఒప్పుకోలు.

మావాడు కొనలేదు. మూడు వారాల తరవాత అదే బండికి కొత్త ప్రకటన వచ్చింది. ధర 10,500. తొంభై ఐదు శాతం పూర్తయిందని ఉంది. ఫొటోలో తలుపులు బొంత కింద గోడకే ఆనుకుని ఉన్నాయి.