నిండిన షీటు నోరు విప్పదు

ఆఫీసు డేటాబేసులో నాలుగు ఎంట్రీలు కనబడకపోతే ముందు మొదలయ్యేది వెతుకులాట కాదు, విచారణ. “నిన్న సాయంత్రం ఆ ఫైలు ఎవరు తెరిచారు?” అంటూ సెక్షన్ హెడ్ గారు కళ్లజోడు సవరిస్తారు. కొత్తగా చేరిన కుర్రాడు ఆవేళ సెలవులో ఉన్నాడా, ఇక దొంగ దొరికినట్టే. ఎవరో పెట్టి మరచిపోయిన ఫిల్టరు తీసి చూద్దామన్న బుద్ధి మూడో మీటింగుకు గానీ పుట్టదు.

మన ఆఫీసులే ఇంతని చిన్నబుచ్చుకోకండి. రవి అస్తమించని సామ్రాజ్యమే ఒకసారి ఎక్సెల్ షీటు అడుగున అస్తమించింది.

2020 సెప్టెంబరు. ఇంగ్లండులో కొవిడ్ మళ్లీ ఎగదన్నుతోంది. ప్రైవేటు ల్యాబులు ఫలితాలను సీఎస్‌వీ ఫైళ్లలో పంపేవి. అది ఉత్త అక్షరాల ఫైలు, ఎంత పొడుగైనా సాగుతుంది. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ వారు దాన్ని తీసుకెళ్లి ఎక్స్‌ఎల్‌ఎస్ అనే పాతకాలపు ఎక్సెల్ మూసలో పోసేవారు. దానికి పట్టేది 65,536 వరుసలు. పది లక్షల పైచిలుకు వరుసలు పట్టే కొత్త మూస 2007లోనే వచ్చింది. పదమూడేళ్లంటే సర్కారు కొలతలో నిన్నమొన్నే కదా! ఒక్కో కేసు కొన్ని వరుసలు మింగేది కనుక ఫైలుకు దాదాపు 1,400 మందితో సరి. బస్సు నిండితే కండక్టరైనా “ఖాళీ లేదు” అని అరుస్తాడు. ఇక్కడ ఆ అరుపూ లేదు, పట్టని వరుసలు చడీచప్పుడు లేకుండా రాలిపోయేవి.

సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కేసులు లెక్కకెక్కలేదు. జబ్బుపడ్డవాళ్లకు ఫలితం అందింది. వాళ్లెవరెవరిని కలిశారో ఆరా తీయాల్సిన వాళ్లకే పేర్లు అందలేదు. ఆ ఆరా వ్యవస్థకు రెండేళ్లకు కేటాయించిన సొమ్ము 3,700 కోట్ల పౌండ్లు! ల్యాబు నుంచి ఎన్ని వచ్చాయి, లోపలికి ఎన్ని చేరాయి అని రెండంకెలు పక్కపక్కన పెట్టి చూసే సీటు మాత్రం అందులో ఉన్నట్టు లేదు. ఉన్నా చూసేవారా? కేసులు పెరిగితే కమిటీ వేస్తారు గానీ, తగ్గితే ఎవరు వేస్తారండీ? మనసుకు చల్లగా తగిలే అంకెను ఏ అధికారీ గిల్లి చూడడు.

తప్పు పట్టుబడ్డాక చేసిన మహా మరమ్మతు ఏమిటయ్యా అంటే, పెద్ద ఫైళ్లను చిన్న ముక్కలు చేయడం. అక్టోబరు 5న ఆరోగ్య మంత్రి మాట్ హాంకాక్ పార్లమెంటులో లేచి, అది పాత కంప్యూటర్ వ్యవస్థ అనీ, మార్చాలని జులైలోనే నిర్ణయించామనీ సెలవిచ్చారు. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థనే ఎత్తేస్తున్నామని ఆగస్టులో ఆయనే ప్రకటించి ఉన్నారు. జులైలో వ్యవస్థ మీద వేటు, ఆగస్టులో సంస్థ మీద వేటు. సెప్టెంబరులో చూస్తే, ఆ పాత మూస నిక్షేపంగా డ్యూటీలోనే ఉంది.