గోడకు లైసెన్సు, గిన్నెల కింద బొద్దింక

హోటల్లో గల్లాపెట్టె వెనక లక్ష్మీదేవి పటం, పక్కనే ఫ్రేము కట్టిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార భద్రత లైసెన్సు. రెంటికీ అగరొత్తుల పొగే! 2022 జనవరి నుంచి ఆ 14 అంకెల నంబరు బిల్లు మీదా వేయాలన్నారు, వేస్తున్నారు. వంటింటి సంగతో? 2024లో హైదరాబాద్‌లో ఆహార భద్రత అధికారుల టాస్క్‌ఫోర్స్ తనిఖీకి వెళ్తే, పేరుమోసిన హోటళ్లలోనూ బొద్దింకలు, గడువు తీరిన సరుకులు ఎదురొచ్చాయి. పాపం, బొద్దింకలకు చదువు రాదు. గోడ మీద ఏం రాసుందో వాటికేం తెలుసు! 2006 నాటి ఆహార భద్రత చట్టం శుభ్రమైన వంట అడిగితే, మనవాళ్లు శుభ్రమైన ఫ్రేము చూపిస్తున్నారు. అయ్యా యజమానులూ, ఆడిటర్ వచ్చిన రోజు తొడిగించే తలటోపీలు, చేతి తొడుగులు మర్నాడు కూడా తీయనివ్వకండి. సర్టిఫికెట్ మీ గోడకే ఉంటుంది, కూర మా కడుపులోకి వస్తుంది.