గడప దాటినోళ్లు

బాన్సువాడలో డిగ్రీ చదివే మనవరాలు ఫోన్లో రక్తపిశాచాల నవలలు చదువుతుంటే, పక్కనే బాపమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ కథ చెప్పమనేది. షార్లెయిన్ హారిస్ రాసినవి, 2001 నుంచి 2013 దాకా వచ్చిన 13 నవలలు. పిల్ల ఎక్కడైనా రెండు పేజీలు ఎగరేస్తే ముసలమ్మ ఇట్టే పట్టేసేది.

కథ అమెరికాలో, లూసియానాలోని ఓ చిన్న ఊళ్లో జరుగుతుంది. బార్‌లో పనిచేసే సూకీ నాయిక. జపాన్‌వాళ్లు కృత్రిమ రక్తం తయారుచేసి సీసాల్లో అమ్మకానికి పెట్టేసరికి, మనుషుల నెత్తురు తమకిక అక్కర్లేదంటూ పిశాచాలు జనంలోకి వచ్చేస్తాయి.

"అక్కర్లేదంటయి గని, దొరికితే ఇడుస్తయా?" అంది బాపమ్మ, తునికాకులో తంబాకు సర్దుతూ.

నిజానికి 13 నవలలూ నడిచేది ఆ అనుమానం మీదే.

ఇంటివాళ్లు రమ్మంటే తప్ప పిశాచం గడప దాటలేదన్న సంగతి ఆమెకు బాగా నచ్చింది. 1990ల్లో తామూ తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నారట. మన దయ్యం చదువుకున్నది కాబట్టి సరిపోయింది!

కానీ సూకీ ఓసారి తను ప్రేమించినవాణ్ణే, ఇచ్చిన పిలుపు వెనక్కి తీసుకుని వెళ్లగొట్టిందనీ, వాడు వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటిపోయాడనీ చెబితే మాత్రం మూతి తిప్పింది.

"ఇంటికొచ్చినోన్ని పొమ్మంటరా? గా పిల్లకు చెప్పేటోళ్లెవరూ లేరా?"

"ఉండె బాపమ్మా. నీలెక్కనే ఒక ముసలామె పెంచింది. మొదటి పుస్తకంలనే సంపేసిన్రు."

"పిశాచమా?"

"కాదు, మనిషే."

బాపమ్మ కాసేపు బీడీ చుట్టలేదు.

ఆ ఆదివారం పెళ్లిచూపులు. పిల్లగాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం. చాటను మంచం కిందికి తోసి, గుమ్మం బయట చెప్పులు విడుస్తున్నవాళ్లను "రాండ్రి, లోపలికి రాండ్రి" అని పిలిచింది బాపమ్మే.

"మాకు కట్నం గిట్నం ఏమీ అక్కర్లేదమ్మా" అన్నాడు పిల్లగాడి మేనమామ, రెండో కప్పు చాయ్ అందుకుంటూ.

కప్పు ఖాళీ అయ్యేలోపు 20 తులాలన్నాడు. కారన్నాడు. పిల్లగాడు ఆఫీసుకు బస్సులో పోతే బాగుండదు కదా! చివరికి నిజాంసాగర్ కాలువ కింద ఎకరం మాట తెచ్చాడు. 1931లో ఆ ప్రాజెక్టు పూర్తయినప్పటి నుంచీ ఆ కాలువ నీళ్లమీద బతుకుతున్న తావు ఇది. ఇక్కడ ఎకరం అడగడమంటే ఏమడగడమో అందరికీ తెలుసు. పిల్ల తండ్రి తల వంచుకుని వేళ్లమీద లెక్కేసుకుంటున్నాడు.

బాపమ్మ మనవరాలి వైపు తిరిగింది. గొంతేమీ తగ్గించలేదు.

"ఆ సూకీ ఏమన్నదే బిడ్డా, ఆళ్లు ఎనకకు నడుసుకుంట పోయేటందుకు?"