చక్రం దిగలేదా? దాని సంగతి కాసేపు వదిలేయండి

మాచర్ల పక్కన విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్‌లో సెస్నా 152 మీద చెయ్యి తిరిగాక చక్రాలు ముడుచుకునే విమానానికి మారే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. సెస్నా 152 చక్రాలు ఎప్పుడూ కిందే ఉంటాయి కాబట్టి వాటిని దించే అలవాటు చేతికి అబ్బదు. నా సలహాలు తలకిందులుగా అనిపిస్తాయి. అయినా పాటించండి.

చక్రాలు దిగాయని చూపే మూడు పచ్చ లైట్లలో ఒకటి వెలగలేదా? దాన్ని చూడటం మానేయండి. 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ 401 విమానంలో ముందు చక్రం లైటు వెలగలేదు. 2,000 అడుగుల ఎత్తున ఆటోపైలట్‌కు అప్పగించి, కాక్‌పిట్‌లో అందరూ ఆ లైటు పనిలో పడ్డారు. విమానం మెల్లగా కిందికి జారుతున్నది ఎవరూ గమనించలేదు. 101 మంది పోయారు. చక్రం దిగే ఉంది, మాడింది బల్బు! అక్కడ అంతమంది ఉన్నారు, మీరేమో ఒక్కరే. అందుకే థ్రాటిల్ పెంచి పైకి వెళ్ళండి, విమానం నిలకడగా ఎగురుతున్నాకే లైటు వైపు చూడండి.

అప్పుడు కూడా చక్రం కన్నా ముందు నావిగేషన్ లైట్ల స్విచ్‌ని అనుమానించండి. కొన్ని పైపర్ విమానాల్లో అది ఆన్‌లో ఉంటే పచ్చ లైట్లు రాత్రికి తగ్గట్టు మసకబారతాయి. మన మార్చి ఎండలో అవి అసలు వెలగనట్టే ఉంటాయి.

దిగేటప్పుడు మర్యాద చూడకండి. పక్క సీట్లో మావయ్యగారు కూర్చుని, కళ్ళాల్లో ఆరబోసిన మిర్చి చూడమన్నా సరే, "తర్వాత మాట్లాడదాం" అనేయండి. చెక్‌లిస్ట్ మధ్యలో ఎవరు పిలిచినా, అది రేడియో అయినా, ఆగిన చోట అందుకోకండి, మొదటి నుంచి చదవండి. చేలో మందు కొడుతూ మధ్యలో ఎవరో పిలిస్తే వెళ్ళొచ్చిన రైతుకు ఏ సాలు దాకా కొట్టాడో గుర్తుండదు, ఒక సాలు వదిలేస్తాడు. మీరు వదిలేసే సాలు చక్రాలదే అవుతుంది.

చక్రం సంగతి తేల్చుకుంటూ గాల్లో చుట్టూ తిరగడానికీ గడువు పెట్టుకోండి. 1978 డిసెంబర్ 28న పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 విమానం చక్రాల గొడవతో గంటసేపు తిరిగి, ఇంధనం అయిపోయి కూలింది. పది మంది చనిపోయారు.

మాన్యువల్లో చెప్పినవన్నీ చేసినా చక్రం రాలేదంటే పొట్ట మీదే దిగండి. ప్రొపెల్లర్‌ను కాపాడాలని గాల్లోనే ఇంజన్ ఆపేవాళ్ళున్నారు. రన్‌వే దక్కుతుందని ఖాయమయ్యేదాకా ఇంజన్ జోలికి పోకండి, ప్రొపెల్లర్ వంగితే వంగనివ్వండి.

కొరిశపాడు, రేణింగవరం మధ్య హైవే మీది కాంక్రీటు పట్టీని చూసి కూడా ఆశపడకండి. 2024 మార్చి 18న వాయుసేన ఏఎన్-32, డోర్నియర్ దిగింది అక్కడే. కానీ ఆ రోజు ట్రాఫిక్ ఆపి, ముందే అంతా సిద్ధం చేశారు. మామూలు రోజున అక్కడ లారీలు, బస్సులు తిరుగుతుంటాయి. ఇంధనం ఉంటే గన్నవరం విమానాశ్రయానికి వెళ్ళండి. పొడవైన రన్‌వే, ఫైరింజన్లు అక్కడున్నాయి. ముందే చెబితే మీ కోసం సిద్ధంగా నిలబడతాయి.