ఇంకో క్లయింట్ చూద్దాం బ్రో

మాదాపూర్‌లో లిఫ్ట్ ఏ అంతస్తులో ఆగినా అతను కనిపిస్తాడు. మెడలో ఐడీ కార్డు, ఎదురుగా రెండు మానిటర్లు, తెర నిండా డేటాబేస్ క్లయింట్ల ఐకన్లు. హోదా సీనియర్ ఇంజినీరు. వ్యాపకం క్లయింటు ఎంపిక.

పాపం, అతని బాధ ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు. కంపెనీ పాత లెక్కలు ఒరాకిల్‌లో ఉన్నాయి, ఆర్డర్లు మైఎస్‌క్యూఎల్‌లో, పేమెంట్లు పోస్ట్‌గ్రెస్‌లో, లాగులు మాంగోలో. ఎవరిది వాళ్లకన్నట్టు ఒరాకిల్‌కి ఎస్‌క్యూఎల్ డెవలపర్, మైఎస్‌క్యూఎల్‌కి వర్క్‌బెంచ్, పోస్ట్‌గ్రెస్‌కి పీజీ అడ్మిన్, మాంగోకి కంపాస్. పీజీ అడ్మిన్‌లో ఎఫ్5 కొడితే క్వెరీ నడుస్తుంది; వర్క్‌బెంచ్‌లో కంట్రోల్ ఎంటర్ కొట్టాలి. వేళ్లకి మతిపోయి ఒకనాడు ప్రతిజ్ఞ చేశాడు: "అన్నిటికీ ఒకటే ఉండాలి బ్రో!"

ఆ రోజు నుంచీ వెతుకుతూనే ఉన్నాడు.

ముందు డీబీవర్ పెట్టాడు. ఓపెన్ సోర్సు, కమ్యూనిటీ ఎడిషన్‌కి పైసా కట్టక్కర్లేదు, జేడీబీసీ డ్రైవర్ ఉన్న ప్రతి డేటాబేస్‌తోనూ మాట్లాడుతుంది. పొంగిపోయాడు. మాంగో మాత్రం డబ్బు కట్టే ఎడిషన్‌లోనే అని తెలిసి పొంగు దిగింది. హైడీఎస్‌క్యూఎల్ తేలిగ్గా, చకచకా తెరుచుకుంది. అది ఒరాకిల్ ఊసెత్తదు. టేబుల్‌ప్లస్ అందం చూసి మురిశాడు. ఊరికే వాడుకుంటే రెండు ట్యాబులు మించి తెరవనివ్వదు. డేటాగ్రిప్ మీద మనసు పూర్తిగా పడింది. టేబుల్ పేరు సగం కొట్టగానే మిగతాది అదే అందిస్తుందని క్యాంటీన్‌లో ఇడ్లీ చల్లారేదాకా చెప్పాడు. కంపెనీ కొనిపెట్టాలంటే మేనేజరు సంతకం కావాలి. "ఇప్పుడున్నవాటితో ఏం ఇబ్బంది?" అన్నారాయన. ఆ ప్రశ్నకి జవాబుగా మనవాడు ఒక ఎక్సెల్ షీటు తయారు చేశాడు. నిలువునా క్లయింట్లు, అడ్డంగా సుగుణాలు, చివరి గడిలో మార్కులు. ఎప్పుడు కూడినా మొదటి ర్యాంకు మారిపోతుంది.

ఆడలేక మద్దెల ఓడన్న బాపతు మాత్రం కాదు. ఎంత చిక్కు జాయిన్ అయినా నోటితో చెప్పేస్తాడు. మద్దెల కుదిరేదాకా ఆట మొదలుపెట్టడు, అంతే.

మొన్న పొద్దున్నే టీమ్ లీడ్ అడిగాడు: "నిన్న ఫెయిలైన పేమెంట్లెన్నో చెప్పవా?"

"రెండు నిమిషాలన్నా," అని కొత్త క్లయింటు తెరిచాడు. అది డ్రైవర్ దింపుకుంటానంది. ఆఫీసు ప్రాక్సీ కుదరదంది. ప్రాక్సీ సంగతి తేలాక ఎస్‌ఎస్‌హెచ్ కీ ఎక్కడుందో వెతకాల్సొచ్చింది. కనెక్షన్ కలిసింది. తెల్ల తెర కళ్లకి గుచ్చుతోందని డార్క్ థీమ్ పెట్టాడు. ఫాంటు సన్నగా ఉందని మార్చాడు. వచ్చిన పని మరిచి, టేబుళ్ల సంబంధాలన్నీ ఒక బొమ్మగా గీయించి, దాన్ని పెద్దది చేసి చిన్నది చేసి చూసుకుంటున్నాడు.

పక్క సీట్లో కొత్తగా చేరిన అమ్మాయి పీఎస్‌క్యూఎల్ నల్ల తెరలో ఒక్క వరస కొట్టి, "నలభై ఒకటి సార్," అని లీడ్‌కి చెప్పేసింది.

మనవాడు తిరిగి చూశాడు. నలభై ఒకటి ఎందుకు ఫెయిలయ్యాయని అడగలేదు. "ఏం క్లయింటు వాడావమ్మా?" అన్నాడు.

"ఏదీ లేదన్నా, టెర్మినల్."

"రంగుల్లేకుండానే?"

ఆ గొంతులో నిజమైన జాలి వినిపించింది.

ఒక్క విషయంలో మాత్రం అతనికి దణ్ణం పెట్టాలి. ఏ క్లయింటు వేసినా ముందుగా ప్రొడక్షన్ కనెక్షన్‌కి ఎర్ర రంగు పూస్తాడు, ఆటో కమిట్ ఆపేస్తాడు. టెస్టు అనుకుని ప్రొడక్షన్‌లో, అదీ వేర్ లేకుండా డిలీట్ కొట్టేవాళ్లున్న లోకంలో ఆ ఎరుపు చూస్తే చెయ్యి ఆగుతుంది. ఆగకపోయినా, కమిట్ అవలేదు గనక రోల్‌బ్యాక్ కాపాడుతుంది. మిగతా సుగుణాలన్నీ ఈ రెండింటి తరవాతే. అతని షీటులో వీటికి మార్కులే లేవు. చేతికి అలవాటైనవి కదా, లెక్కలోకి రాలేదు.

మీ టీములోనూ ఇతనుంటే, ఆ రెండు అలవాట్లూ అతని దగ్గర నేర్చుకోండి. తరవాత మీకు దొరికిన క్లయింటుతో పని కానిచ్చుకోండి. ఏది మంచిదని మాత్రం పొరపాటున కూడా అడక్కండి. షీటు తెరిచాడంటే ఆఫీసు క్యాబు మీకోసం ఆగదు.